కళ్ళు మంచివే, మరి కనిపించదేం?

ఇద్దరు చెరొక చాట బియ్యం ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఒకరు త్వరగా ఏరేసి లేస్తారు. రెండోవారు ఎంతసేపు ఏరినా అన్నంలో రాయి తగులుతుంది. "కళ్ళు కనిపించవా?" అని విసుక్కుంటారు ఇంట్లో. పరీక్ష చేయిస్తే చూపు 6/6! మరి లోపం ఎక్కడ?

చూడడం వేరు, వెతకడం వేరు. గోడమీది చార్టు చూపు పదునునే కొలుస్తుంది. వెతకడానికి కంటితోపాటు మెదడూ పనిచెయ్యాలి. నల్ల మట్టిబెడ్డ ఎన్ని గింజల మధ్య ఉన్నా దానంతటదే కంటపడుతుంది. తెల్లరాయి అలా కాదు. గింజలు పెరిగినకొద్దీ వెతికే సమయమూ పెరుగుతుంది. ఇలాంటి తేడాలను 1980లో ట్రీస్‌మన్, గెలేడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో వివరించారు. ఈ వేగం మనిషికీ మనిషికీ మారుతుంది. వయసు మీరితే తగ్గుతుంది. అది అశ్రద్ధా కాదు, జబ్బూ కాదు.

మీరే కొలిచి చూడవచ్చు. తెల్లకాగితం నిండా 'వ' అక్షరాలు రాసి, వాటి మధ్య ఎడమపక్క 10, కుడిపక్క 10 'ప'లు చెల్లాచెదురుగా రాయండి. కాగితం ముఖానికి ఎదురుగా ఉంచి, 'ప'లకు సున్నా చుట్టమనండి. కళ్ళజోడు ఉన్నవారు పెట్టుకునే చెయ్యాలి. చదువు రానివారికి అక్షరాల బదులు చుక్కలు, గీతలు గీయండి. పట్టిన సమయం, వదిలేసినవి రాసుకోండి. అక్కడక్కడ ఒకటి రెండు వదిలితే భయం లేదు. ఒకే పక్కవి వదిలేస్తే మాత్రం ఉపేక్షించవద్దు.

ఒకావిడ తన అత్తగారిని మా ఆసుపత్రికి తీసుకువచ్చింది. "చాటలో కుడిపక్కే ఏరుతారండీ. కంచంలో కూడా ఎడమపక్క అన్నం ముట్టుకోరు" అంది. కాలూ చెయ్యీ బాగానే ఆడుతున్నాయి. మెదడు కుడిభాగంలో రక్తనాళం మూసుకుపోవడంతో ఎడమపక్క ధ్యాసే పోయింది. అప్పటికి మూడు వారాలుగా ఆ పెద్దావిడ ఇంట్లో చీవాట్లు తింటోంది!

ఇలాంటిది హఠాత్తుగా వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. గడ్డను కరిగించే ఇంజక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. నీటికాసుల జబ్బులోనూ పక్కచూపు మెల్లగా పోతుంది. చార్టు మాత్రం చివరి వరసదాకా చదివేస్తారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. అందుకే 40 దాటినవారు కంటి ఒత్తిడి, కంటినరం పరీక్ష చేయించుకోవాలి.

కాగితం పరీక్షతోనే రోగం నిర్ణయించకండి. ఆ కాగితం మాత్రం డాక్టరుకు చూపించండి. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళను విసుక్కోకండి.