విత్తనపు బస్తా, దుకాణపు కాటా, చేతిలోని రసీదు

అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోను విత్తుటకు చాలిన పదును వాన ఎన్నడు పడునో ఎవరును చెప్పజాలరు. పదును నిలిచిన నాలుగు దినములలోనే వేరుసెనగ విత్తవలెను. అప్పుడు వేసిన విత్తనము మొలవని యెడల రైతునకు పోవునది విత్తనపు సొమ్ము మాత్రమే కాదు. దుక్కి ఖర్చు, కూలి, ఎరువు, వాటితోపాటు ఆ ఏటి పదును అంతయు పోవును. మరల విత్తుటకు అప్పు దొరకినను వాన దొరకదు. ఇట్టి కష్టము వచ్చినపుడు రైతు మొదట పోవునది పంచాయతీ సభ్యుని ఇంటికే. అప్పుడు సభ్యుడు చెప్పదగిన మాట ఏమి? ఆ సంగతినే ఇచ్చట వివరింప దలచినాము.

రైతు కూడ వినియోగదారుడే

రైతు పంటను అమ్ముకొనును గనుక అతడు వ్యాపారియే గాని వినియోగదారుడు కాడని విత్తన సంస్థలు చిరకాలము వాదించినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకును జాతీయ విత్తన సంస్థకును జరిగిన వ్యాజ్యములో 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ వాదమును త్రోసివేసినది. విత్తనము కొన్న రైతు వినియోగదారుడేయనియు, 1966 నాటి విత్తనముల చట్టము ఉన్నంత మాత్రమున వినియోగదారుల న్యాయస్థానము తలుపు మూతపడదనియు తీర్పు చెప్పినది. పరీక్ష నిమిత్తము ప్రతి రైతును కొంత విత్తనము దాచియుంచునని ఆశించుట తగదనికూడ ఆ తీర్పులో ఉన్నది.

అయినను సాక్ష్యము లేనిదే ఫిర్యాదు నిలువదు. బస్తాకు కుట్టిన చీటీని పారవేయరాదు. ధ్రువీకృత విత్తనమునకు నీలిరంగు చీటీ యుండును. దానిపై లాటు నంబరు, గడువు తేదీ కనబడును. వేరుసెనగ ధ్రువీకృత విత్తనము నూటికి కనీసము 70 మొలకెత్తవలెనని ప్రమాణము. విత్తుటకు ముందే నూరు గింజలను తడి గోనెలో చుట్టి, పదిదినములలో ఎన్ని మొలచినవో లెక్కించుకొన్నచో చాల నష్టము తప్పును. చేనిలో మొలవనపుడు వెంటనే మండల వ్యవసాయాధికారికి వ్రాతపూర్వకముగా తెలిపి, చేను చూపించి, నివేదిక కోరవలెను. పొరుగు చేనిలో అదే దినమున విత్తిన వేరొక విత్తనము మొలచియున్న యెడల ఆ సంగతి కూడ వ్రాయించవలెను. లేనిచో లోపము విత్తనముది కాదు, పదునుది అని ఎదుటివారు చెప్పుదురు.

రసీదు విలువ

వినియోగదారుల రక్షణకు మొదట 1986లో చట్టము వచ్చినది. దాని స్థానమున 2019లో చేసిన కొత్త చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. సరకు అమ్మి బిల్లు ఇయ్యకుండుట ఈ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. అరువు మీద కొన్నను బిల్లు అడుగుట కొనుగోలుదారుని హక్కు. అడిగినందుకు సిగ్గుపడ పనిలేదు.

చిల్లర దుకాణదారునకు కూడ ఇందులో రక్షణ కలదు. సరకులోని లోపమునకు మొదటి బాధ్యత తయారుచేసిన వానిది. అయితే తయారుచేసినవాడెవడో తెలియని యెడల ఆ బాధ్యత అమ్మినవాని మీద పడవచ్చును. కావున హోలుసేలు వర్తకుని యొద్ద తెచ్చిన సరకు బిల్లులను దుకాణదారుడు భద్రపరచుకొనవలెను.

తిరిగి అమ్ముటకు కొన్న సరకు విషయమున దుకాణదారుడు వినియోగదారుడు కాడు. కాని స్వయముగా పనిచేసికొని పొట్టపోసికొనుటకే కొన్న వస్తువు విషయమున అతడు వినియోగదారుడే. దర్జీ కొన్న కుట్టుమిషను, ధర్మవరము నేతగాడు కొన్న మగ్గము చెడినవైనచో వారును ఫిర్యాదు చేయవచ్చును.

కాటా, తరుగు

తూనికలు కొలతలకు సంబంధించి 2009 నాటి చట్టము అమలులో ఉన్నది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేట, ఇనుప తూనికరాళ్లకు రెండేండ్లకొకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించవలెను. ప్యాకెట్టుపై అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి పుచ్చుకొనరాదు. చల్లబరచినందుకని అదనపు రూపాయి అడుగుటయు తప్పే.

కాయలు అమ్మునపుడు తరుగు పేరిట హెచ్చు కోతపడిన రైతు మాత్రము ఆ లావాదేవీలో అమ్మకందారుడు. వినియోగదారుల కమిషను అతనికి దారికాదు. కాటా దోషమునకు తూనికలు కొలతల శాఖను, యార్డులోని అమ్మకమునకు మార్కెట్ కమిటీని ఆశ్రయింపవలెను.

ఫిర్యాదు చేయు విధము

ముందు అమ్మినవానికి వ్రాతపూర్వకముగా తెలుపుట మేలు. 1915 నంబరుకు టెలిఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము సంగతి విని ఉభయులను రాజీపరచ యత్నించును. అది కుదరనిచో జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు దాఖలు చేయవలెను. వస్తువునకు చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలు మించని వ్యాజ్యములను జిల్లా కమిషను విచారించును. ఆ సొమ్ము 5 లక్షలు మించని యెడల రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. వస్తువు ఏ ఊర కొన్నను, తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేండ్లు. పరీక్ష అవసరము లేనిచో మూడు నెలలలో, ఉన్నచో అయిదు నెలలలో తీర్పుచెప్ప యత్నించవలెనని చట్టము చెప్పుచున్నను, ఆచరణలో ఆలస్యమగుట కద్దు. కావున కాగితములు పోగొట్టుకొనక ఓపిక పట్టవలెను.

వకీలు కావలసినవారికి 1987 నాటి న్యాయసేవల చట్టము తోడ్పడును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఉచిత సహాయము కలదు. అంతేకాదు, కరవు వాతబడినవారిని కూడ ఆ చట్టము పేర్కొన్నది. ఈ జిల్లావారు తప్పక గుర్తుంచుకొనదగిన మాట ఇది. 15100 నంబరునకు టెలిఫోను చేసి వివరములు తెలిసికొనవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

పంచాయతీ న్యాయస్థానము కాదు, తీర్పు చెప్పనక్కరలేదు. విత్తనములు కొను ముందే గ్రామసభలో బిల్లు, చీటీల సంగతి చాటించవచ్చును. సంత జరుగు చోట ముద్ర వేయించిన కాటా నొకదానిని అందరకు అందుబాటులో ఉంచవచ్చును. చదువురాని రైతునకు ఫిర్యాదు వ్రాసిపెట్టవచ్చును. వానను రప్పించుట మన చేతిలో లేదు. కురిసిన వాన చెడు విత్తనము పాలుగాకుండ చూచుట కొంతవరకైన మన చేతిలో ఉన్నది.