మబ్బుచాటు పొలమును చూచుట యెట్లు?

2025 సంవత్సరము ఆగష్టు నెల చివర కురిసిన కుంభవృష్టి మన కర్షక సోదరులకు మఱపునకు వచ్చునది కాదు. కామారెడ్డి పట్టణపు వీథులు మొదలు ఎల్లారెడ్డి ప్రాంతపు వరిమడుల వఱకు నీరు నిండెను. పోచారము ఆనకట్టమీదుగా వఱద పొర్లి పాఱెను. ఇట్టి సమయములందు ఆకాశమునుండి తీసిన చిత్రములనుబట్టి మునిగిన భూములకు పటములు వ్రాయుచుందురు. మబ్బు కమ్మియుండగా చిత్రము తీయుట యెట్లు? దానిని ఎంతవఱకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే మా యుద్దేశము.

ఈ విద్యకు గొప్ప పరీక్ష శుక్రగ్రహముపై జరిగినది. వేకువజామున మనము వేగుచుక్క యని పిలుచు ఆ గ్రహమును దట్టమైన మేఘములు ఎల్లప్పుడు కప్పియుండును. 1989లో అమెరికావారు పంపిన మాజెల్లాన్ అను నౌక 1990 ఆగష్టున శుక్రుని చేరి, 1994 వఱకు చుట్టు తిరుగుచు, గ్రహతలములో నూటికి 98 వంతులను రాడారుతో చిత్రించెను. రాడారు తానే రేడియో తరంగములను క్రిందికి పంపి, మరలివచ్చిన వానిని కొలుచును. దానికి సూర్యుని వెలుతురు అక్కఱలేదు, మబ్బు అడ్డురాదు. నౌక పంపినవి పొడవైన సన్నని పట్టెలు. వానిని ఒకదాని ప్రక్కన నొకటి చేర్చి, వంకరలు సవరించి, అక్షాంశ రేఖాంశములకు సరిపఱచి పటముగా చేసినవారు పటనిర్మాతలు.

భూమిపై పనియు నిట్టిదే. మనదేశమువారు 2022 ఫిబ్రవరి 14వ తేదీన శ్రీహరికోటనుండి పంపిన ఇ.ఓ.ఎస్.-04 అను ఉపగ్రహమున రాడారు కలదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారికి షాద్‌నగరున ఉపగ్రహవార్తలను అందుకొను స్థానమున్నది. వఱదకాలమున ఈ కేంద్రమువారు ముంపు పటములను సిద్ధపఱచుచుందురు.

ఇక చిత్రమును చదువు విధము. రాడారు తరంగము ఏటవాలుగా దిగును. నిలుకడగా నున్న నీరు అద్దమువలె దానిని అవతలికి త్రోసివేయును. కావున నీరు నల్లగా కన్పట్టును. గరుకైన నేల కొంత తరంగమును వెనుకకు పంపుటచే బూడిదరంగుగా కన్పట్టును. ఇచ్చటనే చిక్కులు కలవు. క్రొత్తగా నాటిన మడిలో మనము పెట్టిన నీరును వఱదనీటివలెనే నల్లగా నుండును. వఱద తీసిన పిదప ఆఱిన ఇసుకమేటయు నల్లగానే యుండును. ఎదిగిన వరిలో నీరు నిలిచినచో, తరంగము నీటిని, కాడను తాకి మరలివచ్చుటచే ఆ చోటు తెల్లగా మెఱయవచ్చును. అనగా మునిగిన పొలము మునుగనట్లును, మునుగని పొలము మునిగినట్లును తోచుటకు అవకాశమున్నది. అందుచేత పటనిర్మాతలు వఱదకు ముందటి చిత్రమును, వెనుకటి చిత్రమును సరిపోల్చి చూతురు. అయినను సందేహము మిగులుచోట్లు కలవు.

శుక్రునిపై అట్టి సందేహము తీర్చు మనుష్యుడు లేడు. ఇచ్చటనో, ప్రతి మడికి నొక రైతున్నాడు. కావున సభ్యులు ఈ క్రింది విషయములను వ్రాసి యుంచుకొనవలెనని కోరుచున్నాము. సర్వే నంబరు, నాటు వేసిన తేదీ, వఱద చొచ్చిన తేదీ, తీసిన తేదీ, నీటి లోతు, ఇసుక మేట వేసినచో ఎన్ని గుంటలలో, ఎంత మందమున వేసినది. చరవాణితో ఛాయాచిత్రము తీయగలవారు గట్టును, దాపున నున్న చెట్టునో బావినో చేర్చి, చోటు గుఱుతుపట్టునట్లు తీయవలెను. వ్రాయలేనివారికి చదువుకొన్న పొరుగువారు సాయపడుట ధర్మము.

వ్యవసాయశాఖవారు పంటనష్టమును వ్రాయుటకు వచ్చినపుడు రైతు గట్టుమీద స్వయముగా నుండి ఈ వివరములను చూపవలెను. చిత్రమునకు, నేలకు భేదము కన్పించినచో ఆ దినముననే చెప్పవలెను. పొలము దున్ని, ఇసుక తీసివేసిన తరువాత చెప్పిన మాటకు సాక్ష్యము దొరకుట కష్టము.