ఫిట్స్‌కూ పురుగుకూ ఏమిటి సంబంధం?

మన లైన్లలో ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడతారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అది గాలీ కాదు, ధూళీ కాదు. ఫిట్స్‌కు కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో వాటిలో ముఖ్యమైనది ఒకటి బద్దెపురుగు.

ఈ పురుగు టేపు మాదిరి చదునుగా, పొడుగ్గా ఉంటుంది. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్ల పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటికొస్తాయి. ఆ మనిషి చేతులు కడుక్కోకుండా వంట చేసినా, మురికినీళ్లు తగిలిన కూరలు మనం పచ్చిగా తిన్నా ఆ గుడ్లు మన కడుపులోకి పోతాయి. పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడుకు చేరి తిత్తులు కడతాయి. అందుకే మాంసం ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది.

మందులున్నాయి. ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్. రెండూ 1970లలో కనిపెట్టినవే. చిక్కేమిటంటే, మెదడులో పురుగు చచ్చేటప్పుడు చుట్టూ వాపొస్తుంది. అందుకే డాక్టర్లు స్కానింగ్ చూసి, వాపు తగ్గించే మందు కూడా కలిపి ఇస్తారు. ఫిట్స్ ఉన్నవాళ్లు పురుగుల మాత్ర సొంతంగా కొని మింగకూడదు.

ఇదే జాతి పురుగు ఇంకొకటి ఆఫ్రికాలో మనుషుల రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. 20 కోట్ల మందికి పైగా దానికి మందు కావాల. వాళ్లకూ దిక్కు ప్రాజిక్వాంటెలే. అది ముదిరిన పురుగుల్ని చంపుతుంది గానీ లేతవాటిని సరిగా చంపదు. రేపు పురుగు ఆ మందుకు అలవాటు పడితే చేతిలో ఇంకేముంది?

అందుకే కొత్త మందుల కోసం వెతుకులాట. మిల్లువాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. కొన్ని భాగాలు అరిగినా లూము నడుస్తుంది, షటిల్ ఆగితే బట్ట ఆగిపోతుంది. పురుగులో ఆ షటిల్ లాంటిది ఏదో పట్టుకోవాల. 2020లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ రక్తపు పురుగులో 2,216 జన్యువుల్ని ఒక్కొక్కటిగా ఆపి, ఏవి ఆగితే అది బతకదో గుర్తించారు. అది మాత్రగా మన చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది.

మన బెంగళూరులో కూడా జి.కె.వి.కె. ఆవరణలోని ఇన్‌స్టెమ్ సంస్థలో ప్లనేరియా అనే నీటిపురుగును పరిశీలిస్తున్నారు. అది వీటికి చుట్టమే, కానీ మనిషిని పట్టదు. ముక్కలు చేస్తే ముక్కముక్కా మళ్లీ పురుగవుతుంది. ఆ బలం ఎక్కడిదో తెలిస్తే దాని చుట్టాల గుట్టు కూడా కొంత బయటపడుతుంది.

అంతవరకు మన పని మనం చేద్దాం. దొడ్డికి పోయొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగాల. కూరలు బాగా కడగాల, మాంసం బాగా ఉడికించాల. ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. తాయెత్తు కట్టే ముందే నిమ్హాన్స్‌కు తీసుకుపొండి.