వైమానికయుద్ధములందలి నష్టగణన: ప్రమాణవిచారము

యుద్ధమునందు విమానము లెన్ని కూలినవని యడిగినచో నుభయపక్షములును భిన్నసంఖ్యలు చెప్పును. వీనిలో నేది ప్రమాణమనుటయందు చరిత్రకారులకు నేటికిని నైకమత్యము లేదు. ఈ చర్చ మనకు దూరపుది గాదు. మా బాన్సువాడ నాడు హైదరాబాదు రాజ్యములోనిది. ఆ రాజ్యాధిపతియగు నిజాము ధనసాహాయ్యముచే బ్రిటిషు వైమానికసేనలోని 110, 152, 253 సంఖ్యలుగల దళములు హైదరాబాదు పేరు దాల్చినవి. అందు కడపటి రెండును 1940లో బ్రిటను సంగ్రామమున పోరాడినవి.

ఆ సంగ్రామమున సెప్టెంబరు 15వ తేదీనాడు 185 జర్మను విమానములు కూలినవని బ్రిటిషువారు ప్రకటించిరి. యుద్ధానంతరము జర్మను పత్రములను పరిశీలింపగా నాసంఖ్య మూడవవంతు ప్రాంతమునకు దిగెను. చర్చిలు తన గ్రంథమున 56 అని వ్రాసెను. అరువదికి పైగా లెక్కించువారును గలరు.

185 అనృతమా? కాదు. ఒకే విమానమును మువ్వురు వేర్వేరుగ కొట్టి, మువ్వురును తామే కూల్చితి మని నమ్ముదురు. పొగ విడుచుచు మేఘములలోనికి దిగినది కూలిన దనిపించును. అది యిల్లు చేరియుండవచ్చును. వ్యాకరణమర్యాదచే జెప్పవలెనన్న, ధాత్వర్థమున వ్యాపారము కర్తయందును, ఫలము కర్మయందును ఉండును. కూల్చితినను వైమానికుడు తన వ్యాపారమునకు సాక్షియే కాని, ఫలమునకు సాక్షి కాడు. ఫలము నెరుగువాడు నష్టపడినవాడే.

కావున జర్మను సరఫరాధికారి కార్యాలయపు నష్టపట్టికలే ప్రమాణమని యొకపక్షము. అవి ప్రచారమునకు గాక, క్రొత్త విమానములు తెప్పించుకొనుటకు వ్రాసికొన్నవి. లోకమును వంచింపవచ్చును గాని తన కొట్టు లెక్కను తప్పుగ వ్రాసికొనిన తనకే కొరత. రెండవపక్షమువా రిట్లందురు: ఆ పట్టికలందు కొన్ని నష్టములు ఆలస్యముగ జేరినవి, కొన్నిట కారణము స్పష్టముగ లేదు, యుద్ధాంతమున పెక్కు పత్రములు నశించినవి. అదియుగాక, నష్టమను సంజ్ఞకే యర్థము నిర్ణయింపవలెను. దెబ్బతిని తిరిగివచ్చి, నేలదిగునపుడు విరిగినది యుద్ధనష్టమా, ప్రమాదమా? సంజ్ఞ మారిన సంఖ్యయు మారును.

ఫలము కర్మయందే యున్నదనుటకు మనదేశముననే గొప్ప నిదర్శనము గలదు. 1965 సెప్టెంబరు 7వ తేదీన సర్గోధాపై దాడికేగిన మిస్టేరు విమానములలో స్క్వాడ్రన్ లీడరు అజ్జమాడ బోపయ్య దేవయ్య నడపినది తిరిగిరాలేదు. తాను శత్రువును కూల్చితినని చెప్పుట కాతడు లేడు. కావున మన లెక్కలం దావిజయము లేదు. 1979లో జాన్ ఫ్రికరు పాకిస్తాను వైమానికసేన పక్షపు వృత్తాంతమును ప్రకటించిన గ్రంథమువలన, ఒక మిస్టేరు తమ స్టార్‌ఫైటరును కూల్చినదని తెలియవచ్చెను. దానిని మనవారి వృత్తాంతముతో సరిచూడగా నావీరుడు దేవయ్యయే యని తేలెను. 1988లో, మరణించిన యిరువదిమూడేండ్లకు, ఆయనకు మహావీరచక్రము ప్రసాదింపబడినది. కర్త మౌనియైనను ఫలము నిలిచియుండెను. దానిని శత్రువే చెప్పెను.

కావున సిద్ధాంత మిది: విజయసంఖ్యలను జయించినవాని నోట, నష్టసంఖ్యలను నష్టపడినవాని పట్టికనుండి గ్రహించి, తేదీ, స్థలము, విమానసంఖ్య, వైమానికుని పేరు అను నాలుగిటిచే నొక్కొక్కదానిని సరిచూడవలెను. సరిపడనిదానిని సంశయమనియే వ్రాయవలెను. మొత్తములను మాత్రము పోల్చుట పాఠాంతరములను చూడక ప్రతుల సంఖ్యచే పాఠమును నిర్ణయించుటవంటిది. పాఠశాలలందు యుద్ధచరిత్ర బోధించువారు ఒక సంఖ్యను చెప్పునపుడు, అది యెవరి లెక్కయో కూడ చెప్పుట ధర్మము.