ఇంట్లో తయారయ్యే హాలోవీన్: వేషం వెనుక నిప్పు, చూపు, నడక

అక్టోబరు మొదలయ్యేసరికి అమెరికాలో చాలా ఇళ్ళలో భోజనాల బల్ల కుట్టుపని బల్లగా మారుతుంది. పాత దుప్పట్లు, అట్టపెట్టెలు, రంగు కాగితాలు, జిగురు, కత్తెరలు ఒకచోటికి చేరతాయి. నెలాఖరున 31వ తేదీ సాయంత్రం జరిగే హాలోవీన్‌కు పిల్లల వేషాలు, ఇంటి ముంగిటి అలంకరణలు సొంతంగా తయారుచేసుకొనే కుటుంబాలకు ఇది ఏటా ఉండే సందడే. దుకాణంలో సిద్ధంగా వేషాలు దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజం. ఖర్చు తగ్గుతుంది, పిల్లలకు సరదాగా ఉంటుంది అన్న జవాబులు అందరికీ తెలిసినవే. వాటికి మించిన జవాబు మరొకటి ఉంది. చీకట్లో, దీపాల నడుమ, వాహనాలు తిరిగే వీధిలో నడవబోయే బిడ్డ ఒంటిమీద ఏ బట్ట ఉండాలి, కళ్ళకు ఎంత మేర అడ్డు లేకుండా ఉండాలి, అంచు ఎక్కడ ఆగాలి అన్నది ఇంట్లో కుట్టినప్పుడు తల్లిదండ్రులే నిర్ణయించుకోగలరు. ఆ అవకాశంతోపాటు బాధ్యత కూడా వారిదే అవుతుంది.

టర్నిప్ దుంప నుంచి గుమ్మడికాయ దాకా

హాలోవీన్ మూలాలు ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల కెల్టిక్ ప్రజల సావిన్ పండుగలో ఉన్నాయని చెబుతారు. పంటల కాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ అది. నవంబరు 1న క్రైస్తవులు జరుపుకొనే సకల పునీతుల పండుగకు ముందురోజు రాత్రి కావడంతో ఈ వేడుకకు నేటి పేరు వచ్చింది. ఆ రాత్రి పిల్లలు, యువకులు పాత బట్టలతో, ముఖానికి మసి పూసుకొని, ఎవరో పోల్చుకోలేని విధంగా వేషాలు కట్టి ఇంటింటికీ వెళ్ళేవారు. పాటో పద్యమో వినిపిస్తే పండ్లు, గింజలు, చిల్లర డబ్బులు దక్కేవి. అప్పటి వేషమంతా ఇంట్లో ఉన్నదానితో తయారైనదే.

దీపం కూడా అంతే. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపను తొలిచి, కళ్ళు, నోరు చెక్కి, లోపల దీపం ఉంచేవారు. మేయో కౌంటీలోని ఐర్లండ్ జాతీయ గ్రామీణ జీవన మ్యూజియంలో అలాంటి దుంప దీపం నమూనా ఒకటి ఉంది. ముడుచుకుపోయిన ఆ ముఖం నేటి గుమ్మడి దీపం కన్నా భయం గొలుపుతుంది. 1845లో మొదలైన మహా క్షామం లక్షలాది ఐరిష్ ప్రజలను అమెరికాకు తరిమింది. వారి వెంట ఈ ఆచారమూ సముద్రం దాటింది. అక్కడి నేలలో పుట్టిన గుమ్మడికాయ దుంప కన్నా పెద్దది, తొలవడానికి మెత్తనిది. అలా గుమ్మడికాయే హాలోవీన్‌కు గుర్తుగా నిలిచిపోయింది.

కాగితపు వేషాలు, కాలిన పాఠాలు

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఇంటి తయారీకి ఒక కొత్త సరుకు తోడైంది. మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన డెనిసన్ కంపెనీ ముడతలు పడిన రంగురంగుల క్రేప్ కాగితాన్ని అమ్మేది. దానితో వేషాలు, తోరణాలు, బల్లపై పరుపులు ఎలా చేసుకోవాలో చెబుతూ 1909లో ‘బోగీ బుక్’ అనే చిన్న పుస్తకాన్ని ప్రచురించింది. ఆ తరువాత కూడా చాలా సంచికలు వచ్చాయి. కుట్టుపని తెలిసిన ఇల్లాలికి కొద్దిపాటి ఖర్చుతో మంత్రగత్తె గౌను, పిల్లి తోక, నల్ల టోపీ తయారయ్యేవి. అయితే అది కాగితం. చుట్టూ కొవ్వొత్తుల దీపాలు. ఆ రెండింటి మధ్య దూరం ఎంత అవసరమో ప్రమాదాలు జరిగాకే తెలిసివచ్చింది.

1930ల చివర నుంచి పెట్టెల్లో అమ్మే సిద్ధవేషాలు మార్కెట్‌కు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చక్కెరకు విధించిన కోటా ముగిశాక ఇంటింటికీ వెళ్ళి మిఠాయి అడిగే ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ దేశమంతా వ్యాపించింది. అదే కాలంలో నూగు తేలిన రేయాన్ బట్టతో చేసిన పిల్లల కౌబాయ్ దుస్తులకు నిప్పంటుకొన్న దుర్ఘటనలు అమెరికాను కలవరపెట్టాయి. తరువాత అలాంటి బట్టతోనే చేసిన స్వెట్టర్లూ క్షణాల్లో మండిపోయాయి. వీటి ఫలితంగా 1953లో అమెరికా కాంగ్రెస్ త్వరగా మండే బట్టల నియంత్రణ చట్టాన్ని చేసింది. పిల్లల ఆటదుస్తులు ఆ చట్టానికి ఒక కారణం కావడం గమనించదగిన విషయం.

బ్రిటన్‌లో మరో రకం లోపం బయటపడింది. అక్కడ పిల్లల వేషాలు ఆటవస్తువుల లెక్కలోకి వచ్చేవి. అందువల్ల పిల్లల రాత్రిదుస్తులకు ఉన్న కఠినమైన అగ్నినిరోధక నిబంధన వాటికి వర్తించలేదు. 2014 హాలోవీన్ సందర్భంగా ఒక బాలిక వేషానికి నిప్పంటుకొని తీవ్రంగా గాయపడిన తరువాత ఈ తేడాపై విస్తృతంగా చర్చ జరిగింది. మరుసటి ఏడాది ప్రభుత్వం దుకాణాల్లోని వేషాలపై తనిఖీలకు ఆదేశించింది.

బట్ట ఎలా మండుతుంది?

ఇంట్లో వేషం కుట్టే వారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. మంటకు గాలి కావాలి. పలుచగా, వదులుగా నేసిన బట్టలో, వల వంటి గుడ్డలో, నూగు ఉన్న బట్టలో ప్రతి పోగు చుట్టూ గాలి ఉంటుంది. కాబట్టి అవి త్వరగా అంటుకొంటాయి. గట్టిగా, దట్టంగా నేసిన బరువైన బట్ట నెమ్మదిగా కాలుతుంది. మంట పైకి పాకుతుంది గనుక నేలకు జీరాడే అంచుకు అంటుకొన్న నిప్పు నడుమును, ఛాతీని చేరడానికి ఎక్కువసేపు పట్టదు. వేలాడే చేతులు, వీపున ఎగిరే వస్త్రం తెలియకుండానే దీపాన్ని తాకుతాయి.

నూలు బట్ట సహజమైనది కాబట్టి సురక్షితమని చాలామంది అనుకొంటారు. పలుచని నూలు త్వరగా మండుతుంది. పాలిస్టర్, నైలాన్ అంత సులువుగా అంటుకోవు గాని, అంటుకొంటే కరిగి చర్మానికి అతుక్కొంటాయి. ఉన్ని మండడానికి మొరాయిస్తుంది. అంటే పూర్తిగా నిర్భయమైన బట్ట అంటూ లేదు. కాబట్టి బట్ట ఎంపికతోనే పని అయిపోదు. వేషం ఒంటికి దగ్గరగా ఉండాలి, అంచు చీలమండకు పైనే ఆగాలి, లోపల మరో జత ఒంటికి పట్టిన బట్టలు ఉండాలి. వీపున కట్టే వస్త్రానికి మెడ వద్ద ముడి కన్నా వెల్క్రో పట్టీ మేలు. దేనికైనా తగులుకొంటే లాగగానే ఊడివస్తుంది, మెడకు బిగుసుకోదు. ఒకవేళ నిప్పంటుకొంటే పరుగెత్తకుండా ఆగి, నేలపై పడుకొని, దొర్లాలని అమెరికా అగ్నిమాపక సిబ్బంది పాఠశాలల్లో నేర్పుతారు. వేషం కొలతలు తీసుకొనే రోజునే ఇంట్లో ఒకసారి ఆ పాఠాన్ని ఆడించి చూపడం మంచిది.

చూపు, నడక

నిప్పు కన్నా వీధి మరింత ప్రమాదకరం. అమెరికాలో 1975 నుంచి 2016 వరకు జరిగిన రోడ్డు ప్రమాదాలను పరిశీలించిన పరిశోధకులు, హాలోవీన్ సాయంత్రం పాదచారి మరణించే ముప్పు అదే కాలంలోని ఇతర సాయంత్రాల కన్నా 43 శాతం ఎక్కువగా ఉన్నట్టు గుర్తించారు. ఈ ఫలితాలు జామా పీడియాట్రిక్స్ పత్రికలో వెలువడ్డాయి. నల్లని వేషం, చీకటి, ముఖానికి అడ్డుగా ముసుగు, మిఠాయి కోసం రోడ్డు దాటే ఉత్సాహం ఒకేసారి కలిసే సాయంత్రం అది.

ఈ ముప్పును తగ్గించే పనులు ఇంటి బల్ల మీదే జరుగుతాయి. ముసుగుకు రెండు చిన్న రంధ్రాలు చేస్తే బిడ్డకు ఎదుటిది కనిపించవచ్చు గాని పక్కనుంచి వచ్చే కారు కనిపించదు. అందుకే ముసుగుకు బదులు ముఖానికి రంగు వేయాలని నిపుణులు సూచిస్తారు. ఆ రంగును ఒకటి రెండు రోజుల ముందు చేతిపై కొంచెం పూసి, దద్దురు రావడం లేదని చూసుకోవాలి. వేషం నల్లనిదైతే ముందు, వెనుక, చేతుల చివర వెలుగును ప్రతిఫలించే పట్టీ అతికించాలి. అస్థిపంజరం వేషంలో ఎముకలనే ఆ పట్టీతో తీర్చిదిద్దితే అందమూ రక్షణా ఒకే పనిలో సమకూరుతాయి. అట్టపెట్టెతో మరమనిషి వేషం చేసేటప్పుడు పెట్టె అడుగు అంచు మోకాలికి పైనే ఉండాలి. లేకపోతే మెట్లు ఎక్కలేరు. బరువంతా భుజాలపై సమంగా పడేలా వెడల్పాటి గుడ్డ పట్టీలు కట్టాలి. కత్తి, దండం వంటివి మెత్తని అట్టతోనే చేయాలి.

ముంగిటి అలంకరణ

గుమ్మడి దీపాన్ని మరీ ముందుగా చెక్కకూడదు. కోసిన కాయ కొన్ని రోజుల్లోనే మెత్తబడి బూజు పడుతుంది. పైమూతను నిటారుగా కాకుండా లోపలికి వాలుగా కోస్తే అది కాయలోకి జారిపడదు. గింజలు, పీచు తీసి, బొమ్మ చెక్కవలసిన వైపు లోపలి గుజ్జును గీకి పలుచన చేయాలి. బొమ్మ గీయడం, గింజలు తీయడం పిల్లల పని. కత్తి పని పెద్దలది. కడిగి ఆరబెట్టిన గింజలను వేయిస్తే ఆ సాయంత్రానికి చిరుతిండి అవుతుంది. లోపల కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం ఉంచితే గడప దగ్గరికి వచ్చే పిల్లల అంచులకు భయం ఉండదు.

చెట్లకు తగిలించే కృత్రిమ సాలెగూళ్ళలో పక్షులు, గబ్బిలాలు చిక్కుకొంటాయని వన్యప్రాణి సంరక్షకులు హెచ్చరిస్తున్నారు. లావుపాటి తాడుతో, పెద్ద పెద్ద కన్నాలు ఉండేలా ఇంట్లో అల్లిన గూడు ఆ చిక్కు తప్పిస్తుంది. కొన్ని ఇళ్ళ ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు పూసిన గుమ్మడికాయ కనిపిస్తుంది. వేరుశనగ, పాలు, గుడ్డు వంటివి పడని పిల్లలకు ఆ ఇంట్లో మిఠాయికి బదులు పెన్సిలో చిన్న బొమ్మో ఇస్తారని దాని అర్థం. ఆహార అలర్జీలపై పనిచేసే ఒక సంస్థ 2014లో ఈ పద్ధతిని దేశవ్యాప్తం చేసింది. తినలేని మిఠాయి చేతికందిన బిడ్డకు ఆ రంగు గుమ్మం ముందే ధైర్యం చెబుతుంది.

దుకాణంలో దొరకని వేషం

కొందరు పిల్లలకు ఇంట్లో తయారీ తప్పనిసరి. చక్రాల కుర్చీలో కూర్చునే బిడ్డకు దుకాణంలోని వేషం సరిపోదు. అది నిలబడి నడిచే పిల్లల కొలతలకు కుట్టినది. అలాంటి ఇళ్ళలో కుర్చీయే వేషంలో భాగమవుతుంది. అట్ట, నురుగు పలకలతో అది ఓడగా, రథంగా, అంతరిక్ష నౌకగా రూపు మార్చుకొంటుంది. ఒరెగాన్‌లో మొదలైన మ్యాజిక్ వీల్‌చైర్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటి వేషాలను ఉచితంగా నిర్మించి ఇస్తోంది. చక్రాలకు, బ్రేకులకు, చేతి పట్టుకు ఏదీ అడ్డుపడకుండా, తలుపులో పట్టేలా కొలతలు చూసుకోవడం ఇక్కడ ముఖ్యం. ఏడాదంతా కుర్చీని చూసి తప్పుకొనే వీధి, ఆ ఒక్క రాత్రి దాని చుట్టూ గుమిగూడుతుంది.

దీపావళి కలిసిన వేళ

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ పని కొత్త కాదు. దసరాకు అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి బొమ్మల కొలువు తీర్చిన చేతులే కొన్ని వారాల తరువాత హాలోవీన్ వేషాలు కడతాయి. పగటివేషగాళ్ళను చూసి పెరిగిన తాతయ్యలకు, అమ్మమ్మలకు వేషం కట్టి గడప తొక్కడంలో వింత కనిపించదు. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31న వచ్చింది. అలాంటి ఏడాది ఒకే గుమ్మంలో నూనె ప్రమిదలు వెలుగుతుంటాయి, వదులు వేషాల పిల్లలు వస్తూ పోతుంటారు. ప్రమిదలను నడిచే దారి నుంచి తప్పించి ఎత్తైన చోట అమర్చడం, టపాసుల దగ్గరికి వెళ్ళేముందు వేషం విప్పించడం అప్పుడు ఎంతో అవసరం.

మరునాడు మిగిలేది

2019లో బ్రిటన్‌కు చెందిన రెండు స్వచ్ఛంద సంస్థలు దుకాణాల్లో అమ్మే హాలోవీన్ దుస్తులను పరిశీలించాయి. వాటిలో వాడిన సరుకులో 83 శాతం పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్ రకాలేనని తేల్చాయి. ఒక్క రాత్రి వాడి పారేసిన వేషం చాలాకాలం మట్టిలో కలవదు. ఇంట్లో దుప్పటితో చేసిన వేషం విప్పితే మళ్ళీ గుడ్డే, అట్టపెట్టె మళ్ళీ అట్టే. గుమ్మడికాయ పెరటి ఎరువు గుంతలోకి వెళుతుంది.

అన్నీ సిద్ధమయ్యాక మిగిలేది ఒక్క పరీక్ష. 30వ తేదీ సాయంత్రం ఇంట్లో దీపాలు తగ్గించి, బిడ్డకు వేషం వేసి, మెట్లు ఎక్కించి దింపాలి. తల తిప్పి పక్కలకు చూడమనాలి, కూర్చొని లేవమనాలి. కాలు అంచుకు తగులుకొంటే, కంటికి టోపీ అడ్డుపడితే అక్కడే తెలిసిపోతుంది. సరిచేయడానికి కత్తెర, సూది, దారం ఇంకా బల్ల మీదే ఉంటాయి.