ఉన్నత పాఠశాల చదువు వలన పిల్లలకు మిగులునదేమి?



నలుగురు పెద్దలు రచ్చబండ మీద కూర్చున్నప్పుడు తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "మా వాడు పదవ తరగతి వఱకు చదివినాడు. ఆ బీజగణితమును, ఆ హిందీయును, ఆ రాజుల చరిత్రయును వానికి పొలములో నేమి యక్కఱకు వచ్చినవి?" ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. చదువునకు బిడ్డ శ్రమమును, తల్లిదండ్రుల ధనమును వ్యయమగుచున్నవి. వ్యయమునకు ఫలమేమని యడుగుట గృహస్థధర్మమే. కావున నేడు దీనికి సమాధానము వెదకుదము.

దృష్టాంతమునకు నర్సీపట్నము డివిజనులోని రావికమతము మండలమును తీసికొందము. 2022వ సంవత్సరము ఏప్రిలు వఱకు ఇది విశాఖపట్నము జిల్లాలో నుండెను. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. ఒకవైపు వరిచేలు, చెఱకుతోటలు. మఱియొకవైపు తూర్పుకనుమల కొండలు, వాని యంచున ఆదివాసుల గూడెములు. కళ్యాణపులోవ జలాశయమును ఈ మండలములోనిదే. ఇట్టి చోట బడికి వచ్చువారు రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు. వారు నేర్చుకొను ఒక్కొక్క విషయమును వారి బ్రతుకు ప్రక్కన పెట్టి చూతము.

మొదట గణితము. అప్పు మాట వచ్చినప్పుడు మనము "నూటికి రెండు రూపాయల వడ్డీ" అందుము. అది నెల వడ్డీ యని అందఱకు తెలియును. ఏడాదికి నూటికి 24 రూపాయలని వెంటనే తోచువారు కొందఱే. 10,000 రూపాయలు ఆ వడ్డీకి తెచ్చి మూడేండ్లు తీర్చలేకపోయినచో, బారువడ్డీ లెక్కను వడ్డీ 7,200 రూపాయలు, మొత్తము 17,200. ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీ యైనచో మొత్తము 19,066 రూపాయలు. ఒక్క మాట తేడాచే 1,866 రూపాయల భారము పెరిగినది. ఏండ్లు గడచినకొలది యీ యంతరము మఱింత వేగముగా పెరుగును. బిడ్డ పెద్దవాడైన పిదప సూత్రమును మఱచిపోవచ్చును. కాని ప్రోనోటు మీద సంతకము చేయుటకు ముందు "వడ్డీ ఏ విధముగా కట్టెదరు?" అని యడుగు అలవాటు మిగిలినచో గణితము వానికి వచ్చినట్లే. బీజగణితమును ఇట్టి యుపాయమే. తెలియనిదానికి ఒక యక్షరమును పేరుగా నుంచి, తెలిసినవాని సాయముతో దానిని రాబట్టుటయే దాని పని.

విజ్ఞానశాస్త్రమునకు మన బెల్లపు పెనముకంటె మంచి ప్రయోగశాల వేఱొకటి లేదు. అనకాపల్లి బెల్లమునకు దేశమందు ఎంత పేరున్నదో మీరెఱుగుదురు. చెఱకురసము కాగునప్పుడు కొలదిగా సున్నపుతేట కలుపుట తాతల నాటి యాచారము. ఎందులకని బాలుడడిగినచో "అట్లే చేయవలయును" అందుము. పాఠశాలలో ఉపాధ్యాయుడు నీలి లిట్మసు కాగితమును ఆ రసములో ముంచి చూపగా అది యెఱుపు తిరుగును. రసములో కొంత ఆమ్లము, అనగా పులుపు, కలదని దాని యర్థము. ఆ పులుపుతో కూడి కాగినప్పుడు చక్కెర విఱిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలుగా మాఱును. అవి యెక్కువైనచో పాకము దిమ్మకట్టదు. కట్టినను గాలిలోని తేమను పీల్చి కాఱిపోవును. సున్నము ఆ పులుపును విఱుచును. మలినము తెట్టెగా పైకి తేలుటకును తోడ్పడును. మితిమీఱినచో బెల్లపు రంగు నల్లబడును. నఱికిన చెఱకును నిలువయుంచక వెంటనే గానుగాడవలయునని మీరు చెప్పుటకును కారణమిదియే. నిలువలోనే చక్కెర విఱుగుట మొదలగును. తాతకు పని తెలియును. మనుమనికి కారణమును తెలిసినది. కారణము తెలిసినవాడు ఏ యేటి రసమును బట్టి ఆ యేడు సున్నపు పాలును మార్చుకొనగలడు. 1913లో అనకాపల్లిలో నెలకొన్న వ్యవసాయ పరిశోధనకేంద్రము చేయు పనికిని ఇట్టి ప్రశ్నలే మూలము.

ఇక చరిత్ర. అది రాజుల పేర్ల పట్టిక యని కొందఱు తలంతురు. మన ప్రాంతపు పిల్లలకు అట్లు తోపనక్కఱలేదు. 1922వ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను ముట్టడించి తుపాకులు కైకొనెను. దొరతనము వారి కాగితములలో దాని పేరు పితూరీ. ప్రజల నోట దాని పేరు స్వాతంత్ర్యసమరము. సంగతి యొకటే, పేర్లు రెండు. ఈ రెంటిని ఎవరెవరు పెట్టిరి? ఎందులకు పెట్టిరి? పోడు సాగుపై నాంక్షలు, అడవిచట్టములు, దారులు వేయుటలో వెట్టిచాకిరి మన్యపు జనులను ఎట్లు పీడించినవి? ఇట్లు విచారించుట నేర్చిన బిడ్డ వినినదెల్ల నమ్మడు, వినినదెల్ల కాదనడు. నేడు చేతిలోని ఫోనులో గడియకొక వదంతి వచ్చుచున్నది. దాని నెవరు పంపిరి, వారికెట్లు తెలిసినది యని యడుగువాడు ఇంటిలో నొక్కడైన నుండుట మేలు.

భాషలను గూర్చి రెండు మాటలు. తెలుగు పుట్టుకతో వచ్చినదే గదా, దానికి పాఠమెందులకని యందురు. మాటలాడుట వేఱు, అర్జీలో చెప్పవలసిన సంగతిని క్రమముగా పెట్టుట వేఱు, అడంగలు చదివి తన సర్వే నెంబరును, విస్తీర్ణమును సరిగా నున్నవో లేవో చూచుకొనుట వేఱు. హిందీయును ఇంగ్లీషును పనికి పొరుగు రాష్ట్రములకు పోయినవాడు మోసపోకుండుటకు ఆధారములు.

ఇవన్నియు పుస్తకములలో నున్నవే, మఱి ఉపాధ్యాయుడెందులకని యడుగవచ్చును. దీనికి మన ఉత్తరాంధ్రమునకు చెందిన యొక పంతులుగారి జీవితమే సమాధానము. గిడుగు రామమూర్తిపంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఆ పట్టణము ఇప్పుడు ఒడిశాలోనిది. పిల్లలకు చరిత్ర చెప్పుచు, ఆ దగ్గఱనున్న ముఖలింగపు గుడి శాసనములను తామే చదువగోరి, ప్రాచీనలిపిని స్వయంకృషిచే నేర్చిరి. కొండలలోని సవరల బిడ్డలకు చదువు చెప్పవలయునని తలంచి, ముందుగా తామే సవర భాషను నేర్చిరి. సొంత ధనముతో వారికి బడులు పెట్టిరి. వారి భాషలో పుస్తకములు వ్రాసిరి. ఆ భాషకు ఆయన కూర్చిన నిఘంటువు 1938లో వెలువడినది. వాడుకభాషకై ఆయన చేసిన కృషికి గుర్తుగా ఆయన జన్మదినమును తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అట్టి పంతులుగారి యెదుట కూర్చున్న విద్యార్థి పాఠముతో పాటు మఱియొకటి చూచినాడు. గురువు తెలియనిదానిని తెలియదని యొప్పుకొని, రాతివద్దకును, కొండవానివద్దకును పోయి అడిగి తెలిసికొనుచున్నాడు. ఇది పుస్తకము నేర్పలేదు. మనిషిని చూచియే నేర్వవలయును.

ఉపాధ్యాయులందఱు అట్టివారని నేననుటలేదు. గైడు పుస్తకములను వల్లెవేయించి, ప్రశ్న అడిగిన బిడ్డను కూర్చోమను తరగతులును కలవు. అచ్చట మార్కులు రావచ్చును. కాని పైన చెప్పిన అలవాట్లు రావు. కావుననే పెద్దల పని కొంత మిగిలియున్నది.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. అది ఆఱేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను విధించినది. లెక్క చూచినచో ఎనిమిదవ తరగతితో ఆ రక్ష ముగియును. తొమ్మిది, పది తరగతులు తల్లిదండ్రుల మనసుమీదనే నిలిచియున్నవి. కారణము వెదకు నేర్పు స్థిరపడవలసిన యేండ్లును అవియే. బెల్లపు గానుగలు ముమ్మరముగా నాడు దినములును, పదవ తరగతి వారు పరీక్షలకు చదువుకొనవలసిన దినములును ఒక్కటిగా వచ్చును. చేతి సాయమునకని మగపిల్లవానిని నాలుగు దినములు ఆపుదుము. ఆ నాలుగు దినములు నెలయగును. బడి దూరమని, పెండ్లి యీడు వచ్చినదని ఆడుపిల్లను మాన్పింతుము. కొండ గూడెములనుండి నడచి వచ్చు బిడ్డ ఒకసారి మానినచో తిరిగి పిలిచి తెచ్చువారే యుండరు. ఆ దినము మిగిలిన కూలి కంటికి కనబడును. ఇరువది యేండ్ల పిదప చక్రవడ్డీగా పోవు సొమ్ము నేడు కంటికి కనబడదు.

కావున మూడు పనులు మీ చేతిలో నున్నవి. ఆ చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలయును. సభ్యులలో సగము మంది స్త్రీలు. ఆ సంఘము కూడినప్పుడు ఉత్తీర్ణుల సంఖ్యతో సరిపుచ్చక, ప్రయోగసామగ్రిని పిల్లల చేతికిచ్చుచున్నారా, ఏ విషయమునకైన ఉపాధ్యాయుడు లేక తరగతి ఖాళీగా నున్నదా యని యడుగుడు. గానుగ పనికి పదవ తరగతి బిడ్డను పిలువమని ఊరి పెద్దలు కలసి కట్టుబాటు చేసికొనుడు. రాత్రి అన్నమునకు కూర్చున్నప్పుడు, ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుటకు ముందు, "ఈ దినము మాస్టారిని ఏమడిగితివి?" అని యడుగుడు. మొదట బిడ్డ తెల్లబోవును. వారము దినములు అడిగినచో బడిలో నొక ప్రశ్న వేసి ఇంటికి వచ్చును.