మీకు తెలుసా? రౌతు కొద్దీ గుర్రం

అనకాపల్లి వాళ్లకు గుర్రం కొత్తేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్లలో తీర్థాలప్పుడు గుర్రపు పందేలు పెడతారు. రోడ్డు పడని కొండ గూడేలకు బియ్యం, ఉప్పు మోసుకెళ్లేదీ గుర్రాలే. విశాఖ ఆర్.కె. బీచ్‌కి వెళ్తే పిల్లల్ని ఎక్కించి కాసేపు తిప్పుతారు కూడా. అయితే అక్కడ పగ్గం గుర్రం యజమాని చేతిలోనే ఉంటుంది. అది మన చేతికి రావాలంటే స్వారీ శిక్షణలో పెద్ద తతంగమే ఉంది.

మొదటి పాఠాల్లో చాలాచోట్ల అసలు పగ్గాలే ఇవ్వరు. శిక్షకుడు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటాడు. పైనున్నవాడు చేతులు చాచి, నడుముతో, తొడలతో నిలదొక్కుకోవడం నేర్చుకుంటాడు. కారణం ఉంది: తూలిపోతున్న కొత్తవాడు పగ్గాలు పట్టుకుని వేలాడతాడు, ఆ బరువంతా గుర్రం నోటి మీద పడుతుంది. గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెపు ఇనుము ఆనేది ఆ మెత్తటి చిగురు మీదే.

ఎడమవైపు నుంచే ఎందుకు ఎక్కుతారు? సైనికుడి కత్తి ఎడమ నడుముకు వేలాడేది కాబట్టి, అంటారు. ఇప్పుడు కత్తులు లేవు, అలవాటు మిగిలింది.

గుర్రం దగ్గరకు ఎదురుగా గానీ వెనకనుంచి గానీ వెళ్లొద్దని మొదటిరోజే చెబుతారు. కళ్లు తలకు పక్కల ఉండటంతో దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ, నుదుటి ముందు కొంత, తోక వెనక కొంత కనిపించదు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లాలి.

అమరకోశం గుర్రం నడకల్ని అయిదుగా లెక్కపెట్టింది. నేటి శిక్షకులు నాలుగంటారు: వాక్, ట్రాట్, క్యాంటర్, గ్యాలప్. వీటిని డెక్కల చప్పుడుతో గుర్తుపట్టొచ్చు. వరుసగా నాలుగు, రెండు, మూడు, నాలుగు దెబ్బలు. కొత్తవాళ్ల నడుం విరగ్గొట్టేది ట్రాట్. ఆ లయకు లేచి కూర్చోవడం వచ్చిందంటే సగం విద్య వచ్చినట్టే. పరుగులో నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అన్న వివాదాన్ని 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫొటోలు తేల్చాయి. ఉంటాయి. కాకపోతే చిత్రకారులు వేసినట్టు కాళ్లు బార్లా చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే మేత తేడా వస్తే కడుపునొప్పి ప్రాణాల మీదికి తెస్తుంది. దక్షిణాదికి ఏటా ఓడల్లో దిగే గుర్రాలు సరైన పోషణ లేక చచ్చిపోతున్నాయని 13వ శతాబ్దంలోనే మార్కో పోలో రాశాడు. మంచి శిక్షణ కేంద్రాలు స్వారీతో పాటు మాలీషు చేయడం, డెక్కల్లో మట్టి తీయడం, దాణా పెట్టడం నేర్పేది ఇందుకే. ఆ పనులు తప్పించుకుని జీను మీదికి మాత్రం ఎగబాకేవాళ్లకు విద్య అబ్బుతుందని నేననుకోను.

హైదరాబాద్ జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపుస్వారీ కూడా ఒక భాగం. కారులో తిరగబోయే అధికారికి గుర్రమెందుకని అడగొచ్చు. తనకంటే ఏడెనిమిది రెట్లు బరువున్న ప్రాణిని కేకలు వేయకుండా నడపడం అధికారికి పనికిరాని విద్యేం కాదు.

ఒలింపిక్స్‌లో ఆడామగా కలిసి ఒకే పతకానికి పోటీపడే అరుదైన క్రీడ గుర్రపుస్వారీ. 1952లో హెల్సింకీలో డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ రజతం గెలిచింది. పోలియోతో ఆమెకు మోకాళ్ల కింద పట్టు లేదు. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనిషి కావాలి. ఆమె పోటీపడిన డ్రెస్సాజ్‌లోనే (గుర్రాన్ని నిర్ణీత కదలికల్లో నడిపించి చూపే పోటీ) 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణం వచ్చింది. గుర్రపుస్వారీలో 41 ఏళ్లకు మనకు దక్కిన ఆసియా స్వర్ణం అది.

ఆ డ్రెస్సాజ్ మైదానం చుట్టూ అక్షరాల పలకలుంటాయి. చిన్న మైదానంలో వరుస ఇదీ: ఎ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. ఈ వరుస ఎలా పుట్టిందో చరిత్రకారులే తేల్చలేదు. విద్యార్థులు మాత్రం బట్టీ పట్టాల్సిందే.